గింజ గుర్తులు

ఫ్రిజ్జుతో పాటు ఉత్తినే వొచ్చిన ట్రే అది.
రెండు వరసలు, పద్నాలుగు సీట్లు.
కొర్లగుంటలో మా ఇంట్లో
ఐసు ముట్టేవాళ్ళు ఎవరూ లేరు,
కుండనీళ్ళకు అలవాటుపడిన గొంతులు.
రెండేండ్లు అట్లే ఉండిపోయింది
పాసింజరెక్కని బస్సు మాదిరి.

పోయిన మార్చిలో మా తమ్ముడు మునిరత్నం
పలమనేరు మార్కెట్టు నుంచి
రెండు బాక్సుల టమాటాలు దించిపోయినాడు.
"కిలో మూడ్రూపాయలంటక్కా,
రోడ్డున పారబోసేదానికి చేతులు రాలేదు."
ఆ రాత్రి ఉడకబెట్టి, తోలు వొలిచి, ఎనిపి
ట్రే నింపినాను.
మొట్టమొదటి ఫుల్ లోడు.
జూలైలో కిలో ఎనభై పలికిన పొద్దు
రెండు ఎర్రబిళ్ళలు చారులో వేసినాను.
చారు మరుగుతుంటే
వాడి మట్టిచేతులే కనిపించినాయి.

చెంగమ్మత్త మూతి తిప్పింది.
"పులగూరను రాయి చేసి
రాయిని మళ్ళా పులగూర చేసేదానికి
ఇదొక ఉజ్జోగం!"

మా ఆయనకు బీపీ.
ఉప్పు సగానికి తగ్గించమన్నాడు డాక్టరు.
ఉప్పు తగ్గిన కూర అలిగిన మనిషితో సమానం,
ఎంత పలకరించినా పలకదు.
వెల్లుల్లీ మిరియాలూ నూరి
నిమ్మరసంలో కలిపి గడ్డకట్టిస్తే
ఒక్క బిళ్ళకే నోరు విప్పింది.
ఆ మాట ఆయన అనలేదు,
ఇంకో ముద్ద సంగటి పెట్టించుకున్నాడు.

ఆ పైన నన్ను పట్టేదెవరు?
మునగాకు, పుదీనా, కొత్తిమీర,
ఏప్రిల్లో దొరికే చింతచిగురు,
సుగరుందని అత్తకు కాకర రసం.
అన్నీ పచ్చనే. ఏది ఏదో
గడ్డ కట్టినాక నాకే తెలీదు.
ఒకనాడు మా లోహిత్
నిమ్మకాయ నీళ్ళలో పుదీనా అనుకోని
కాకర వేసుకున్నాడు.
వాడు వీధి చివరిదాకా ఊసుకుంటా పోతే
అత్త నవ్వీ నవ్వీ
ఆ పూట మాత్ర మింగడమే మరిచిపోయింది.

కాగితాలు అంటిస్తే చెమ్మకు ఊడినాయి.
ఊడకపోయినా
అత్తకు అక్షరాలు రావు.

మే నెల. కొండకు జనం, జనం, జనం.
ఆఖరి ట్రిప్పు దిగి, డిపోలో లెక్క అప్పజెప్పి
ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది.
చెవుల్లో ఇంకా ఘాటు మలుపులు.
పెసరపప్పులోకి రెండు బిళ్ళలు వేసి
తిని పడుకుందామని ఫ్రిజ్జు తెరిస్తే
ట్రేలో ఎవరో
సీటుకొక మనిషిని కూర్చోబెట్టినారు.

ఒక దానిమీద ధనియం గింజ, కొత్తిమీర.
ఒక దానిమీద చింతపిక్క, చిగురు.
పెసరగింజుంటే మునగాకు,
పప్పుతో వొండుకునేదని.
మిరియం ఎక్కడుందో చెప్పనక్కరలేదు.
పుదీనాకు చిన్న ఆకునే పడుకోబెట్టింది.
కాకరకు ఎండుమిరపకాయ తొడిమ,
పిల్లోడు ముట్టకుండా.

ఇరవై ఏండ్లుగా బోర్డులు చదువుతున్నాను,
చంద్రగిరి, కాణిపాకం, శ్రీకాళహస్తి.
ఇంత తేటైన రాత
ఏ బస్సు నుదుట్నా చూడలేదు.

చివరి సీటులో మాత్రం ఏ గింజా లేదు.
లోపలి దాకా కనబడే తెలుపు.
"ఇదేందత్తా?" అన్నాను చీకట్లోకి.
మంచం మీంచి నిద్రగొంతు.
"ఏముంటాది, నీళ్ళు.
పొద్దంతా నిలబడొస్తావు గదా,
మడమకు పెట్టుకో."

మా ఇంటి ఐసు ట్రేలో
మొదటి ఐసు ముక్క.
గడప మీద కూర్చోని
వాచిన మడమకు ఆనించినాను.
అది కరిగిందాకా
పప్పు సంగతి గుర్తుకు రాలేదు.